సుబ్బరత్నమ్మ గారి ఆది రవిక

కొత్త కోరా గుడ్డను నీళ్లలో నానబెట్టినప్పుడు వచ్చే గంజి వాసన ఎక్కడ తగిలినా నా చేతిలో పని ఆగిపోతుంది. మొన్న మా కోడలు దిండు గలీబులకని తెచ్చిన కోరా ముక్కను బక్కెట్లో వేస్తే, పెరట్లోంచి వచ్చిన ఆ వాసనకు నేను చదువుతున్న పేపరు పక్కన పెట్టి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. మార్కాపురంలో ఊరి చివర మా పేట, అందులో బోదగడ్డి కప్పిన మా కొట్టం, కొట్టం ముందు వేపచెట్టు నీడలో చాప పరుచుకుని చేతి మిషను తిప్పుతున్న మా అమ్మ, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి.

అప్పటికింకా తెల్లదొరల పాలన. మా నాయన పలకల గనిలో పనిచేసేవాడు. పొద్దుగూకేవేళకు ఇంటికి వస్తే కనుబొమ్మలు కూడా రాతిపొడితో బూడిదరంగులో ఉండేవి. విరిగిన పలక ముక్కలు తెచ్చిస్తే వాటితోనే మేము తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం, వాటినే నున్నగా అరగదీసి అచ్చనగండ్లు చేసుకునేవాళ్లం. ఎండాకాలం మధ్యాహ్నాలు కొర్రన్నంలో మజ్జిగ పోసుకుని తిని, తడిపిన గోనెపట్టా మీద పడుకుంటే మిషను చప్పుడే మాకు జోలపాట. వానలు వెనకబట్టాక నల్లమల నుంచి గంపల్లో సీతాఫలాలు దిగేవి. క్రిస్మసు దగ్గరపడితే పేటంతా అరిసెల పాకం వాసన. ఆ నెలంతా అమ్మకు నడుము వాల్చే తీరిక ఉండేది కాదు.

అమ్మ పేరు మార్తమ్మ. చిన్నప్పుడు మిషనరీల బడిలో చదువుకుంటూ కుట్టు నేర్చుకుంది. అక్కడి దొరసానమ్మ తన దేశం వెళ్లిపోతూ ఆ చేతి మిషనును అమ్మకు ఇచ్చిపోయింది. గనిలో మేస్త్రీ నోటికి జడిసి నాయన ఇంటికొచ్చాక కూడా గంటసేపు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అమ్మకు మేస్త్రీ లేడు గానీ, గడపకొక అమ్మగారు ఉండేది. ఒకామె చేతులు పొడుగన్నది, ఇంకొకామె మెడ కిందికి దిగిందన్నది. అందరిలోకీ గట్టి నోరు బజారు వీధి సుబ్బరత్నమ్మ గారిది.

వాళ్లది పెద్ద దుకాణం, పెద్ద ఇల్లు. మేము వెనక దొడ్డి తలుపు నుంచి వెళ్లి, పెరట్లో బట్టలుతికే బండకు ఇవతల నిలబడాలి. మా పేటవాళ్లను తాకకూడదు గనుక కొలతలు తీయడమన్నది లేదు. ఆమె పాత రవిక ఒకటి బండ మీదికి విసిరేది. అదే ఆది. దాన్ని చూసి, దాని ప్రకారం కుట్టి, తెచ్చి మళ్లీ బండ మీద పెడితే ఆమె కోడలు పసుపునీళ్లు చల్లి తీసుకునేది. సుబ్బరత్నమ్మ గారు లోపలికి వెళ్లి తొడుక్కుని చూసి, గడపలోంచే కేకలు మొదలుపెట్టేది. అమ్మ తల వంచుకుని వినేది. మళ్లీ విప్పి కుట్టేది. నేను అమ్మ కొంగు పట్టుకుని ఆ బండ మీది సబ్బు మరకలు లెక్కపెడుతూ నిలబడేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆమె మనవరాలికి పెళ్లి కుదిరింది. యుద్ధం రోజులు, గుడ్డ కూడా కంట్రోలు కార్డు మీద కొలిచి ఇచ్చే కాలం. ఎక్కడి నుంచి తెప్పించారో గానీ వంకాయరంగు పట్టు ముక్క ఒకటి, దానితో పాటు ఆ పాత ఆది రవిక బండ మీద పడ్డాయి. ఆ ఆది నేను పుట్టకముందుది. అమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, మెల్లగా అన్నది.

"అమ్మా, ఇది చానా పాతది గదా. ఒక్కసారి కొలత తీసుకుంటే..."

"ఏందే? నన్ను కొలుస్తావా నువ్వు?" అన్నది సుబ్బరత్నమ్మ గారు. అంతే, తలుపు పడింది.

అమ్మ ఆది ప్రకారమే కుట్టింది గానీ, పక్క కుట్లలో రెండేసి వేళ్ల గుడ్డ లోపలికి మడిచి వదిలింది. కత్తిరించగా మిగిలిన అరచేతంత ముక్క ఒకటి చాప మీద పడి ఉంది. అంత మెత్తని గుడ్డను నేను అంతకుముందు ముట్టుకోలేదు. నా పీలికల బొమ్మకు పైట వేద్దామని దాన్ని తీసి, పావడా బొందు దగ్గర దోపుకున్నాను. అమ్మ చాప దులిపి వెతికింది, మిషను కింద చూసింది, నన్ను అడిగింది. తెలియదన్నాను. గాలికి ఎగిరిపోయిందేమోనని ఊరుకుంది. ఇంట్లో పెడితే దొరికిపోతుందని రవిక ఇవ్వడానికి వెళ్లిన రోజు కూడా అది నా నడుముకే ఉంది.

ఎల్లుండి పెళ్లి. పెరటి నిండా చుట్టాలు, ఒకవైపు విస్తళ్లు కుడుతున్నారు, ఒకవైపు బూందీ దూస్తున్న నూనె వాసన. సుబ్బరత్నమ్మ గారు రవికతో లోపలికి పోయి, ఎర్రబడిన మొహంతో బయటికి వచ్చి దాన్ని బండ మీదికి విసిరికొట్టింది.

"చెయ్యి కూడా దూరడం ల్యా. ఇంత గుడ్డ ఇస్తే ఏం చేసినావే? కాజేసినావు గదా!"

పని చేస్తున్నవాళ్లంతా తలలెత్తారు. అమ్మ బండ దగ్గరికి ఒక అడుగు వేసింది.

"ప్రభువు సాక్షిగా చెప్తున్నా తల్లీ, మీ గుడ్డలో దారప్పోగు కూడా మా ఇంట్ల లేదు."

అమ్మ దేవుడి పేరు ఊరికే ఎత్తే మనిషి కాదు. నా నడుము దగ్గర ఆ ముక్క నిప్పులా కాలింది. ఏడుస్తూ దాన్ని లాగి బండ మీద పెట్టి, "అమ్మకు తెలీదు, నేనే తీసినా" అన్నాను.

అప్పుడు అమ్మ నా వైపు చూసిన చూపు ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. అందులో కోపం లేదు. నడుస్తూ నడుస్తూ కాలి కింద మెట్టు లేకుండా పోయిన మనిషి చూపు అది.

"చూసినారా?" అని సుబ్బరత్నమ్మ గారు చుట్టాల వైపు తిరిగింది. ఎప్పుడూ నోరెత్తని కోడలు ఆ రోజు ఎందుకో నోరెత్తింది.

"అత్తా, ఆ గోరంత ముక్క పోతే రవిక పట్టకపోతాదా? ఆది పాతది. మీరు ఒళ్లు చేసినారు."

ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మ వంగి రవిక తీసుకుని, పక్క కుట్టు పళ్లతో కొరికి, లోపల మడిచిన పట్టును విప్పి అందరికీ కనిపించేలా పట్టుకుంది.

"మీ గుడ్డ ఇదిగో, దీంట్లోనే ఉంది. కొలత ఇస్తే ఇక్కడే కూర్చుని సరిచేస్తా. ఇయ్యకుంటే దీన్ని ఇంక నేను ముట్టను."

అమ్మ ఆ ఇంట్లో అట్లా మాట్లాడటం అదే మొదలు. సుబ్బరత్నమ్మ గారు చుట్టాల మొహాలు చూసింది, రవికను చూసింది.

"నువ్వొద్దు. పిల్లతో కొలిపియ్" అన్నది చివరికి.

టేపు నా చేతికి వచ్చింది. పెరట్లో ఉన్న గడ్డివాము చాటున ఆమె చేతులెత్తి నిలబడింది. నా చేతులు ఆమె చుట్టూ అందలేదు. టేపు కొస వెనకనుంచి అందుకోవడానికి నేను ఆమె పొట్టకు చెంప ఆనించి వాటేసుకోవలసి వచ్చింది. సున్నిపిండి, తమలపాకు కలిసిన వాసన. నా వేళ్లు పక్కటెముకల మీదికి వెళ్లగానే ఆ మహాతల్లి మెలికలు తిరిగిపోయింది.

"ఓసి నీ... చక్కిలిగిలి అవుతాంది! వదులే!" అంటూ పడీపడీ నవ్వింది. వాము అవతల ఉన్నవాళ్లూ నవ్వారు. మళ్లీ పెట్టాను, మళ్లీ నవ్వింది. మూడోసారికి అంకె చదివి అమ్మకు అరిచి చెప్పాను.

అమ్మ అక్కడే కూర్చుని సూదితో పక్క కుట్లు వదులు చేసింది. చంక దగ్గర గుడ్డ ఇంకా చాలకపోతే, నేను దొంగిలించిన ముక్కనే అక్కడ అతికింది. రవిక సరిపోయింది. సుబ్బరత్నమ్మ గారు మంచిగుందనీ అనలేదు, తప్పు మాటన్నాననీ అనలేదు. బావి దగ్గరకు వెళ్లి తలమీద నాలుగు చేదల నీళ్లు పోసుకుంది. మేము దొడ్డి తలుపు దాటేదాకా ఆ నీళ్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది.

దారిలో కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. పేట మలుపు తిరిగాక మాత్రం అన్నది.

"అడిగుంటే, ఆమెను అడిగి తెచ్చిచ్చేదాన్ని గదనే. నా చేత అబద్ధపు ఒట్టు పెట్టిచ్చినావు."

నాలుగు నెలల తర్వాత సుబ్బరత్నమ్మ గారి నుంచి మళ్లీ కబురు వచ్చింది. ఈసారి బండ మీద గుడ్డ ఒక్కటే ఉంది, ఆది లేదు. "పిల్లను రమ్మను, కొలుస్తాది" అన్నది ఆమె.

నేను టేపు కోసం చెయ్యి చాపాను. అమ్మ ఇవ్వలేదు.

"పిల్ల తప్పు కొలుస్తాదమ్మా. కుట్టేది నేను, నేనే కొలవాల."

సుబ్బరత్నమ్మ గారు చాలాసేపు బండ అవతలే నిలబడింది. పెరట్లో కోడలూ పనివాళ్లూ పని ఆపి చూశారు. తర్వాత ఆమె బండ దాటి ఇవతలికి వచ్చి, మొహం పక్కకు తిప్పుకుని, రెండు చేతులూ ఎత్తింది.

ఆ తర్వాత కూడా ఆమె స్నానం చేసే ఉంటుంది. అమ్మకు అది తెలుసు. అయినా ఆ రోజు ఇంటికి వచ్చేటప్పుడు అమ్మ ఎంత వేగంగా నడిచిందంటే, నేను వెనక పరుగెత్తవలసి వచ్చింది.

పోయినేడు మార్కాపురం వెళ్లాను. పలకల గనులు చాలావరకు మూతపడ్డాయి. మా పేటలో కొట్టాలు లేవు, మిద్దెలు వచ్చాయి. బజారు వీధిలో ఆ ఇల్లు పడగొట్టి రెడీమేడ్ దుకాణం కట్టారు. చిన్నది, మధ్యది, పెద్దది అని అట్టపెట్టెల మీద రాసి ఉంది. వచ్చినవాళ్లు పెట్టె చూసుకుని తీసుకుపోతున్నారు.

అమ్మ ముసలితనంలో మంచాన పడ్డాక మా పేర్లు కూడా కలగాపులగం చేసేది. కానీ మధ్యాహ్నం వేళ కళ్లు మూసుకుని ఎవరెవరివో పేర్లూ, వాళ్ల అంగుళాలూ ఒకదాని వెంట ఒకటి చెప్పుకుంటూ పోయేది: ఛాతీ, నడుము, చెయ్యి పొడుగు. వాళ్లలో చాలామంది అప్పటికే చనిపోయారు. ఒక్క అంగుళం తేడా లేకుండా ఆమె వాళ్లందరినీ గుర్తుపెట్టుకుంది. ఆమె పోయినప్పుడు, ఆ ఊరి ఆడవాళ్ల కొలతలు తెలిసిన మనిషి ఇక ఎవరూ మిగల్లేదు.