చెన్నైలో ఎక్కని విమానం

నలుగురం విదేశయాత్రకు బయలుదేరి, అదే రోజు సాయంత్రం పాలు పిండే వేళకు ముగ్గురం ఇంటికి వచ్చేసిన కథ ఇది. ఆ ఘనకార్యం చేసింది నేనే. తమిళనాడులోని మా కారిమంగళం చుట్టుపక్కల ఇప్పటికీ ఎవరైనా ప్రయాణం పెట్టుకుంటే ముందు నా పేరు చెప్పుకుని కాసేపు నవ్వుకుంటారు. మీరూ నవ్వండి. కానీ పూర్తిగా విన్నాక నవ్వు ఆగిపోతే నన్ను తిట్టకండి.

అసలు ఆ ప్రయాణం నా భార్య మంజుల కోసం. ఆమె అక్క చంద్రమ్మ, నాకు వదిన, పెళ్ళయి మలేషియాలో ఈపో దగ్గర స్థిరపడింది. పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి మాత్రమే, తల్లి చావుకు వచ్చి వెళ్ళింది. ఇప్పుడు ఆమె మూత్రపిండాలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆస్పత్రికి పోయి రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఇక ఆమె రాలేదు, మేమే పోవాలి. మంజుల రోజూ ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకోవడం చూడలేక, "సరే, పోదాం పద" అన్నాను. పాస్‌పోర్టులు తీయించాను. అంతవరకు నేను మంచివాడినే.

పాస్‌పోర్టు చేతికి రాగానే నాకు ఒళ్ళు తెలియలేదు. నాలుగు ఆవులు, రెండెకరాల టమాటా, పాల సొసైటీ తప్ప ఏమీ ఎరగని నేను ఒక్కసారిగా ప్రపంచ యాత్రికుడిని అయిపోయాను.

మా అమ్మాయి కీర్తన అప్పుడే ప్లస్ టూ రాసి ఉంది. "అప్పా, అంత దూరం పోయి ఆస్పత్రి వాసన చూసి వస్తామా? సింగపూర్ పక్కనే కదా!" అంది.

తొమ్మిదో తరగతి చదివే కవిన్ వెంటనే, "సింగపూర్‌లో అంతా బిల్డింగులే. మలేషియాలోనే లంకావి దీవిలో కొండమీద వేలాడే వంతెన ఉందంట. నాకు అది లేకుంటే నేను రాను, మీరే పోండి" అని మూతి బిగించాడు.

వాళ్ళిద్దరికీ చెరొకటి ఇచ్చాక నాకు మాత్రం ఎందుకు లేదని, నేను కౌలాలంపూర్‌లో జంట గోపురాలు చేర్చుకున్నాను. అడగనిది ఒక్క మంజులే. అడగని వాళ్ళ వంతు ఎప్పుడూ ఆఖరే కదా? మూడు రోజులు సింగపూర్, మూడు రోజులు లంకావి, రెండు రోజులు కౌలాలంపూర్, తొమ్మిదో రోజు వదిన ఇల్లు.

మంజుల ఒక్కసారి మాత్రం అంది: "మామా, మొదలు అక్క దగ్గరికి పోయేస్తే కాదా?"

"మొదలే పోతే ఏడుపుతో మొదలవుతాది. చూడాల్సినవంతా చూసేసి, కడాకు మీ అక్క దగ్గర నిమ్మళంగా ఉందాం. ఆమె యాడికి పోతాది?" అన్నాను. అవును, అక్షరాలా అలాగే అన్నాను.

ఇక టికెట్టు. ఈ నాలుగు మజిలీలూ, తిరుగు ప్రయాణమూ అంతా ఒకే టికెట్టులో వచ్చే దారి వెతికితే, నా ఫోన్‌కు దొరికింది చెన్నైలో మొదలయ్యేది. చెన్నై నుంచి బెంగళూరు, అక్కడ విమానం మారి సింగపూర్. మాకు చెన్నై పొద్దంతా ప్రయాణం. బెంగళూరు అయితే తిన్న ఇడ్లీ అరిగేలోపు చేరుకోవచ్చు.

మా వైపు బస్సెక్కే పద్ధతి మీకు చెప్పాలి. సేలంలో బయలుదేరే బెంగళూరు బస్సుకు సేలం నుంచే రిజర్వు చేసుకుంటాం. ఎక్కేది మాత్రం కారిమంగళంలో. కండక్టరుకు ముందే ఒక మాట చెబితే సీటు మీద తువాలు వేసి ఉంచుతాడు. సేలం నుంచి ఆ సీటు ఖాళీగా వచ్చిందని ఎవరూ బాధపడరు, మొత్తం డబ్బు కట్టాం కాబట్టి. పుట్టినప్పటి నుంచి ఇదే చూస్తున్నవాడికి విమానం గురించి వేరే అనుమానం ఎందుకు వస్తుంది?

కీర్తనకు వచ్చింది. "అప్పా, టికెట్టులో చెన్నై అని ఉండాది. అక్కడనే ఎక్కాలేమో. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి అడగనా?"

"చుమ్మా ఉండు. చెన్నైకి పోయి, మళ్ళీ వెనక్కి తిరిగి మన ఆవుల నెత్తిమీదనే ఎగిరి బెంగళూరుకు రావాలనా? ఎవరన్నా నవ్వుతారు!"

"అడిగితే ఏమి పోతాది అప్పా?"

"నేను నీ కంటే ముందు పుట్టినాను" అని తీర్పు చెప్పాను. ముందు పుట్టడం తప్ప ఆ విషయంలో నాకు వేరే అర్హత లేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

బయలుదేరే రోజు తెల్లారగానే వీధి వీధంతా వచ్చింది. ఆవుల్ని నా తమ్ముడు మునిరాజుకు అప్పగించాను. మంజుల ఒక సంచి మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. అందులో వదినకు రాగిపిండి, చెనక్కాయల పొడి, మా చింతచెట్టు పండు. డాక్టరు అవేవీ తినకూడదన్నాడని అందరికీ తెలుసు. వాసన చూస్తుందిలే అంది మంజుల.

బెంగళూరు విమానాశ్రయంలో కౌంటరు దగ్గరి అమ్మాయి కన్నడలో మాట్లాడింది. మా పక్క ఆ భాష చెవిన పడుతూనే ఉంటుంది కాబట్టి నాకు బాగానే అర్థమైంది. అర్థం కాకపోయి ఉంటే ఇంకో ఐదు నిమిషాలు సంతోషంగా ఉండేవాడిని.

"మీరు చెన్నైలో ఎక్కలేదా సార్?"

"లేదమ్మా. మాకు ఇదే దగ్గర."

"మొదటి విమానం ఎక్కలేదు కాబట్టి మీరు ప్రయాణానికి రాలేదని అర్థం. తరువాతి టికెట్లన్నీ రద్దయిపోయాయి."

"రాకపోవడమేమి తల్లీ! నీ ఎదురుగానే నిలబడి ఉండాను కదా!"

"సిస్టంలో మీరు రాలేదు సార్."

"మా నాలుగు సీట్లు చెన్నై నుంచి ఖాళీగానే వచ్చింటాయి కదా. మేము ఇప్పుడు సింగపూర్ దాంట్లో కూర్చుంటాము. ఎవరికి నష్టం?"

"ఇది బస్సు కాదు సార్" అంది ఆ అమ్మాయి. కోపంగా కూడా అనలేదు. జాలిగా అంది, అదే ఎక్కువ గుచ్చుకుంది.

"పోనీ, తిరిగి వచ్చేది?"

"అదీ రద్దే."

పోకుండానే తిరిగి రావడం కూడా రద్దయిన మొదటి మనిషిని నేనే అయి ఉంటాను. కవిన్ బిక్కమొహం వేసుకుని, "అప్పా, ఫ్రెండ్స్‌కంతా స్టేటస్ పెట్టేసినానే!" అన్నాడు. "నేను అప్పుడే చెప్పినాను" అనే మాట కీర్తన నోటిదాకా వచ్చి ఆగిపోవడం నాకు కనిపించింది. ఆ పిల్ల అని ఉంటేనే బాగుండేది.

మంజుల సంచి ఒళ్ళో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. "అయితే ఇంక అక్కను చూసేకి కాదా మామా?" అని మాత్రం అడిగింది. నేను నేల వైపు చూశాను. ఆ నిమిషంలో నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంకెప్పుడూ పుట్టలేదు.

కీర్తన ఫోన్‌లో ఏదో వెతుకుతూనే ఉంది. చివరికి తల ఎత్తి, "మధ్యాహ్నం కౌలాలంపూర్‌కు నేరుగా ఒక విమానం ఉంది. ఒక్క సీటే చూపిస్తాండాది. అమ్మ పోనీ అప్పా" అంది.

"మీ అమ్మనా? ఒంటరిగా సేలం కూడా పోలేదే ఆమె!"

"పోతాను" అంది మంజుల. లేచి నిలబడింది కూడా.

అంతే. ఇంకో గంట పిల్లలిద్దరూ తల్లికి పాఠాలు చెప్పారు. అక్కడి అధికారులు అడిగే ప్రశ్నలకు జవాబులు కవిన్ ఒక కాగితం మీద తమిళ అక్షరాల్లో ఇంగ్లీషు రాసి ఇచ్చాడు. వదిన కొడుకు కౌలాలంపూర్ విమానాశ్రయానికి వస్తానన్నాడు. గాజు తలుపు అవతలికి పోయాక మంజుల ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. మా మీద కోపం అనుకున్నాను. భయం అని తరువాత చెప్పింది.

మేము ముగ్గురం మూడు పెద్ద పెట్టెలతో బస్సెక్కి సాయంత్రానికి ఇల్లు చేరాం. మునిరాజు పాల బిందె పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏమన్నా, సింగపూర్ మూసేసినారా?"

ఎదురింటి పెద్దాయన అరుగు మీద నుంచే, "మంజుల యాడప్పా? అమ్మేసి వచ్చినావా?" అన్నాడు. ఆ వారమంతా పాల సొసైటీలో నా క్యాను కొలవడానికి ముందు నా కథ కొలిచారు. నేనూ నవ్వాను. ఏం చేస్తాను?

మంజుల రోజూ వీడియో కాల్ చేసేది. ఒకరోజు అక్కకు తల దువ్వుతూ కనిపించింది. ఒకరోజు ఇద్దరూ ఒకే మంచం మీద పడుకుని, చిన్నప్పుడు కారిమంగళం సంతలో మేకపిల్లను పోగొట్టుకున్న సంగతి చెప్పుకుని పడీపడీ నవ్వుతున్నారు. వదిన రాగిపిండి సంచిలో ముఖం పెట్టి వాసన చూసిందట. ఐదు రోజులు అలా గడిచాయి.

ఆరో రోజు పొద్దున ఫోన్ వదిన కొడుకు చేశాడు. వదిన పోయింది. తల మంజుల ఒళ్ళోనే ఉందట.

పదకొండో రోజు కార్యం అయ్యాక మంజుల తిరిగి వచ్చింది. నేను బెంగళూరుకు పోయి తీసుకొస్తుంటే బస్సు కృష్ణగిరి దాటింది. అప్పుడు మంజుల కిటికీలోంచి చూస్తూనే, "నీ ప్లాను సరిగ్గా జరిగింటే, అక్క పోయిన దినం మనం ఏ ఊర్లో ఉంటాము మామా?" అని అడిగింది.

నాకు వేళ్ళు మడవాల్సిన పని లేదు. వదిన పోయిన రోజు నుంచీ ఆ లెక్క నా గుండెలో తిరుగుతూనే ఉంది. వేలాడే వంతెన మీద నిలబడి నలుగురం ఫోటో తీసుకుంటూ ఉండేవాళ్ళం.

"నువ్వు తప్పు చేసినందుకు నా అక్క దొరికింది" అంది. ఆ మాటలో కోపం లేదు, అందుకే నేను ఏడ్చాను. కండక్టరు చిల్లర కోసం అనుకున్నాడు.

చెన్నైలో ఎక్కకపోవడమే నా తప్పని మా ఊళ్ళో అందరూ ఇప్పటికీ నవ్వుతారు. అసలు తప్పు వాళ్ళకు తెలియదు, నేను చెప్పనూ లేదు. కాబట్టి మీ ముందు, మా నాలుగు ఆవుల సాక్షిగా, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట టికెట్టులో ఏ ఊరుంటే ఆ ఊరికే పోయి ఎక్కుతాను. కూతురు అడుగుతానంటే అడగనిస్తాను. చూడాల్సిన మనిషి ఉంటే ఆ మనిషి ఇంటినే మొదటి మజిలీగా పెడతాను, వంతెనలూ గోపురాలూ తరువాతే.

తమిళ బడిలో చదివిన మంజులకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. చివరిదాకా విని, పాల చెంబు చేతికి తీసుకుంది.

"బాగుండాది మామా. ఇంక అక్కడ చూసేకి ఎవరుండారు?"