పళ్ళెంలో ఎడమ సగం

దయ్యాలున్నాయా టీచర్ అని ఎనిమిదో తరగతి పిల్లలు ఏటా ఒకసారైనా అడుగుతారు. నేను జీవశాస్త్రం చెప్తాను. "ఉంటే వాటికి శ్వాసక్రియ ఎట్లా జరుగుతుందో మీరే చెప్పండ్రా" అంటాను. క్లాసంతా నవ్వుతుంది, మళ్ళీ పాఠంలోకి వెళ్ళిపోతాం. ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఈ జవాబు మార్చలేదు. ఇకముందూ మార్చను. అందుకే ఇది రాయాలంటే నాకు చాలా మొహమాటంగా ఉంది.

మా అమ్మ పేరు రత్నమ్మ. డెబ్బై దాటింది. అంగన్‌వాడీలో పనిచేసి రిటైరై, నాయన పోయాక ఉదయగిరిలో ఒక్కతే ఉండేది. పోయిన ఏడాది చలికాలంలో ఒకరోజు పొద్దున వాకిలి ఊడుస్తూ పడిపోయింది. చుట్టుపక్కలవాళ్ళు గ్యాసనుకుని సోడా తాగించారు, అరచేతులు రుద్దారు. నాకు ఫోన్ వచ్చేసరికి పదకొండు. నెల్లూరు తీసుకుపోయేసరికి మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌కు వేళ మించిపోయిందన్నారు. ఆ సోడా మీద నాకు ఇప్పటికీ కోపమే. తాగించినవాళ్ళు మంచివాళ్ళు, కాబట్టి సోడా మీదే చూపించుకోవాలి.

మెదడులో కుడివైపు దెబ్బతింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట మిగిలింది. మాట ఉంటే మనిషి ఉన్నట్టేనని సంతోషపడ్డాను. ఆత్మకూరులో నా ఇంటికి తెచ్చుకున్న వారానికే ఆ సంతోషం కరిగిపోయింది.

అమ్మకు ఎడమ పక్క అనేది లేకుండా పోయింది. చూపు బాగానే ఉంది, కానీ అటు చూడాలని తోచదు. తల కుడివైపే దువ్వుకుంటుంది. బైబిలు తెరిస్తే వరసకు కుడి సగమే చదివి, వాక్యం కుదరక, ఈళ్ళు తప్పులు అచ్చేసినారని విసుక్కుంటుంది. నడవలేని మనిషి, పొద్దున చర్చి దాకా పోయొచ్చినానని చెప్తుంది. ఆమె మనసులో అది అబద్ధం కాదు. స్ట్రోకులో ఇవన్నీ మామూలేనని డాక్టరు బొమ్మ గీసి మరీ వివరించాడు. నేనూ అందరికీ అట్లాగే వివరించాను.

చెయ్యి సంగతి మాత్రం నన్ను కష్టపెట్టింది. ఫిజియోథెరపీ అబ్బాయి ఆ ఎడమ చెయ్యెత్తి ఆమె కళ్ళముందు పెట్టి, ఇదెవరిదమ్మా అని అడిగాడు.

"దీనమ్మది" అంది అమ్మ.

దీనమ్మ ఎవరని అడిగితే, "ఇక్కడే నా పక్కన కూర్చోనుండాది గదా, కనపళ్ళేదా నీకు?" అని నన్నే ఎదురడిగింది. మా బంధువుల్లో దీనమ్మ లేదు. మా చర్చిలో లేదు. డాక్టరు దీనికీ ఆశ్చర్యపోలేదు. మెదడు తన చేతిని తనదిగా గుర్తించనప్పుడు దానికి ఎవరో ఒక యజమానిని కల్పిస్తుందట. కొందరు మొగుడిదంటారు, కొందరు నర్సుదంటారు. సరే, మా అమ్మ దీనమ్మదంటోంది అనుకున్నాను.

అసలు బాధ అన్నం దగ్గర మొదలైంది. అమ్మ పళ్ళెంలో కుడి సగమే తినేది. మధ్యలో గీత గీసినట్టు ఎడమ సగం ముట్టేది కాదు. ఇలాంటివాళ్ళకు పళ్ళెం తిప్పి పెట్టమంటారు. మిగిలిన సగం కుడివైపుకు వస్తుంది, తింటారు. నేను తిప్పాను. అమ్మ పళ్ళేన్ని తోసేసింది.

"దాని కూడు నాకు పెడతావా? సిగ్గులేదా నీకు?"

మా అమ్మ నన్ను ఆ గొంతుతో ఎప్పుడూ తిట్టలేదు. ఎక్కువ పెడితే అందులోనూ సగం వదిలేది. బలవంతం చేస్తే నోరు బిగించేది. రెండున్నర నెలల్లో ఏడు కిలోలు తగ్గింది. ఇంకా తగ్గితే ముక్కులోంచి గొట్టం వెయ్యాల్సి వస్తుందని డాక్టరు చెప్పాడు. గొట్టం వేస్తే లాగేసుకుంటుందని, లాగకుండా చేతులు కట్టేస్తారని నాకు తెలుసు. మిగిలిన ఆ ఒక్క చెయ్యి కూడా మంచానికి కట్టేయించుకోవడానికా మా అమ్మను తెచ్చుకున్నానని ఏడ్చాను.

నేను బడికి పోయినప్పుడు అమ్మను చూసుకోవడానికి పోలమ్మ వచ్చేది. చెరువు పక్క పల్లెలో ఉంటుంది, గట్టి మనిషి. ఒకరోజు మెల్లగా కదిపింది. "టీచరమ్మా, ఇది మందులకు పొయ్యేది కాదు. గాలి సోకుండాది. పేటకు తీసుకపోదాం, దర్గా కాడ మూడు రాత్రులు పండబెడితే దిగిపోతాది."

బాప్టిస్టుల ఇంట్లో, అందులోనూ సైన్సు టీచరు ముందు ఆ మాట అన్నందుకు ఆమెకు గంటసేపు మెదడు పాఠం చెప్పాను. ఓపిగ్గా విని, "అట్నే లేమ్మా" అని గిన్నెలు కడగడానికి పోయింది.

ఇక ఆ రోజు సంగతి. రెండో శనివారం, బడి లేదు. పోలమ్మ కూడా రాలేదు. పన్నెండున్నరకు అమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ముందు చిన్న బల్ల వేసి, మెత్తగా వండిన అన్నం, బీరకాయ పప్పు పెట్టాను. కలపలేదు. కుడి చేత్తో తనే కలుపుకోవాలని ఫిజియో అబ్బాయి చెప్పాడు. ఎడమ చెయ్యి ఎప్పటిలా ఒళ్ళో, బొటనవేలు లోపలికి ముడుచుకుని పిడికిలి బిగించి ఉంది. దాన్ని తెరవాలంటే నా రెండు చేతులూ కావాలి. అందులో బలం సున్నా అని అంతకు నాలుగు రోజుల ముందే ఆ అబ్బాయి పుస్తకంలో రాశాడు.

మేడ మీద ఆరేసిన దుప్పట్లు తేవడానికి వెళ్ళాను. ఐదు నిమిషాలు, మహా అయితే ఏడు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

తిరిగి వచ్చేసరికి అమ్మ కిటికీ వైపు, అంటే కుడివైపు చూస్తోంది. కుడి చెయ్యి చీర కుచ్చిళ్ళ మీద ఉంది. ఎడమ చెయ్యి పళ్ళెంలో ఉంది.

అది అన్నం కలుపుతోంది. వణకడం కాదు, ఈడ్చడం కాదు. వేళ్ళు విడివిడిగా కదులుతున్నాయి. పప్పు కలిపి, ఉండ చేసి, పళ్ళెం ఎడమ అంచున పెట్టింది. అప్పటికే అక్కడ మూడు చిన్న ముద్దలు వరసగా ఉన్నాయి. అది నాలుగోది. చిన్నపిల్ల నోటికి సరిపోయేంత ముద్దలు. అమ్మ ముఖం మాత్రం కిటికీ వైపే ఉంది, తనకేమీ సంబంధం లేనట్టు.

రెండున్నర నెలలుగా ఆ చెయ్యి కదలాలని మోకరించి ప్రార్థన చేసినదాన్ని నేను. ఒక్క వేలు ఆడితే చాలనుకున్నాను. అది కళ్ళముందు కదులుతుంటే నేనేం చేశానో చెప్తాను.

"ఛీ, ఎడం చేత్తోనా!" అని దాని మీద ఒక్కటి కొట్టాను.

ఆలోచించి కొట్టలేదు. అన్నంలో ఎడమ చెయ్యి కనబడితే కొట్టడమే నాకు తెలుసు. చిన్నప్పుడు మా అమ్మ నన్నట్లాగే కొట్టింది, నేను నా కొడుకును కొట్టాను, బడిలో మధ్యాహ్న భోజనం దగ్గర పిల్లల్ని ఇప్పటికీ కసురుతాను. చప్పుడు గట్టిగానే వచ్చింది. చెయ్యి పళ్ళెంలో బోర్లా పడి, అక్కడినుంచి ఒళ్ళోకి జారిపోయింది.

అప్పుడు అర్థమైంది నాకు. కాళ్ళ దగ్గర కూలబడి, "అమ్మా, కదుపమ్మా, ఇంకొక్కసారి కదుపు" అని బతిమాలాను. ఏమీ లేదు. పిడికిలి మళ్ళీ బిగుసుకుపోయింది. కడగడానికి ఎప్పటిలా రెండు చేతులతో తెరిచాను. వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద పప్పు ఉంది. కుడి చెయ్యి తడి కూడా లేకుండా శుభ్రంగా ఉంది. ఇదంతా నేను భయంలో ఊహించుకున్నానని అనేవాళ్ళకు ఆ గోళ్ళ కింద పప్పు సంగతి చెప్తుంటాను.

అమ్మ ఏడవడం మొదలుపెట్టింది. పడిపోయిన నాటినుంచి మొదటిసారి తల ఎడమవైపుకు తిప్పింది. నన్ను కాదు, నా పక్కన ఖాళీగా ఉన్న చోటును చూస్తూ అంది.

"మళ్ళా కొట్టినారా దాన్ని?"

ఆ సాయంత్రం తెగిపోయిన ముక్కలుగా చెప్పింది. చిన్నప్పుడు ఆమె చదివింది ఆడపిల్లల హాస్టల్లో. ఊరి పేరు రాయను, అప్పుడు పనిచేసినవాళ్ళ పిల్లలు ఇంకా ఉన్నారు. అక్కడ ఇద్దరికి ఒక సత్తు పళ్ళెం. అమ్మది కుడి సగం, దీనమ్మది ఎడమ సగం. దీనమ్మది ఎడమ చేతి వాటం. వార్డెనమ్మకు కనబడకుండా గోడ పక్కన కూర్చుని తినేది. ఒక ఆదివారం కోడిగుడ్డు ముక్క దగ్గర ఇద్దరికీ తగాదా వచ్చింది. అమ్మ పోయి వార్డెనమ్మకు చెప్పేసింది. చెక్క స్కేలుతో ఆ చేతి వేళ్ళ మీద కొట్టి, కుడి చేత్తో తింటేనే అన్నమని పంపించారు. చెయ్యి వాచింది. మూడు రోజులు ఆ పిల్ల తినలేదు. దాని సగం పళ్ళెం కూడా అమ్మే తినేసింది. నాలుగో రోజు వాళ్ళ నాయన వచ్చి తీసుకుపోయాడు. కొన్నాళ్ళకు జ్వరంతో పోయిందని తెలిసింది.

అమ్మ ఈ మాట నాయనకు చెప్పలేదు, నాకు చెప్పలేదు, చర్చిలో సాక్ష్యం చెప్పినప్పుడూ చెప్పలేదు. అరవై ఏళ్ళు మోసింది. నాకు ఆమె మీద జాలి పొంగింది, నా మీద నాకు అసహ్యం వేసింది.

తర్వాతి ఆదివారం ఉదయగిరి వెళ్ళాను. అమ్మతో ఆ హాస్టల్లో చదివిన ఎస్తేరు పెద్దమ్మ అక్కడుంది. నేను చూసినదేమీ చెప్పకుండా, దీనమ్మ అని ఎవరైనా గుర్తున్నారా అని మాత్రం అడిగాను. టీ గ్లాసు నా చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది.

"పుర్ర చేతి దీనమ్మా? శానా తెలివైన పిల్ల మే అది. వార్డెనమ్మ అటు తిరిగినప్పుడు ఎడం చేత్తో గబగబా ముద్దలు చేసి పళ్ళెం అంచున పెట్టుకునేది. ఆయమ్మ ఇటు రాంగానే ఒక్కోటి కుడి చేత్తో తీసుకోని తినేది. ఎవురికీ తెలిసేది కాదు. మీ అమ్మ చెప్పిందాకా."

పెద్దమ్మ ఇచ్చిన టీ తాగలేక అక్కడే పెట్టేసి వచ్చాను. ఆ ముద్దల సంగతి అమ్మ నాకు చెప్పలేదు. నేను పెద్దమ్మకు చెప్పలేదు.

నాకు నేనే చెప్పుకున్న వివరణలున్నాయి. ఆ ముద్దల వరస అమ్మ జ్ఞాపకంలో ఎక్కడో ఉండి ఉంటుంది, అంతవరకూ ఒప్పుకుంటాను. కానీ జ్ఞాపకం ఉంటే చాలదు, కండరం కదలాలి. డాక్టరును అడిగితే పడిపోయిన చెయ్యి ఆవులించినప్పుడు, దగ్గినప్పుడు పైకి లేవడం ఉందన్నాడు. ముద్దలు చేస్తుందా అంటే, నేను చూస్తే తప్ప చెప్పలేనమ్మా అన్నాడు. కొట్టానని ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

ఆ రోజు తర్వాత చెయ్యి కదలలేదు. అయితే అమ్మ మొత్తం అన్నం తినడం మొదలుపెట్టింది. పళ్ళెం తిప్పి పెడితే మారుమాట్లాడకుండా ఎడమ సగమూ తినేది. నెలన్నర తర్వాత పరీక్షకు తీసుకెళ్తే మూడు కిలోలు పెరిగింది. డాక్టరు ఆ చెయ్యెత్తి చూపించి, ఇదెవరిదమ్మా అన్నాడు.

"నాదే" అంది అమ్మ.

ఆయన ఎంత సంతోషించాడో చెప్పలేను. మెదడు తన పక్కను తాను తిరిగి గుర్తుపడుతోందని, ఇది మంచి మలుపని, గొట్టం మాట ఇక మర్చిపొమ్మని అన్నాడు. నేను ఆసుపత్రి వరండాలోనే నిలబడి దేవునికి స్తోత్రం చెప్పుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు కార్లో, "చెయ్యి నాదేనని భలే చెప్పినావమ్మా" అన్నాను. అమ్మ కొంగు లాగి ఎడమ చేతి మీద కప్పుకుంది. తర్వాత గొంతు తగ్గించి, డ్రైవరుకు వినపడకుండా అంది.

"దీనమ్మదంటే నువ్వు మళ్ళా కొడతావు గదా పాపా."

డాక్టరు రాసిచ్చిన కాగితంలో మెరుగుదల ఉందనే ఉంది. బంధువులకు అదే చెప్పాను, బడిలోనూ అదే చెప్పాను. పిల్లలు దయ్యాల గురించి అడిగితే ఇప్పటికీ పాత జవాబే చెప్తున్నాను.

ఆ ఐదు నిమిషాల్లో ఆ చేతిని కదిలించింది ఏమిటో నాకు తెలియదు. తెలుసని ఎవరైనా అంటే నమ్మను కూడా. నేను చేసేదల్లా ఒకటే. అమ్మకు అన్నం పెట్టి బయటికి వచ్చేస్తాను. కాసేపాగి, గదిలోకి వెళ్ళేముందు గుమ్మం దగ్గర నిలబడి గట్టిగా దగ్గుతాను. చెయ్యి దాచుకోవడానికి కొంచెం టైమివ్వాలి కదా. ఎవరికని మా ఆయన అడిగాడు. నేను గుమ్మం దగ్గరికి పోయి దగ్గాను.