చీటీలో ఉన్నది ఉన్నట్టు

ఆ వేసవి మొత్తం నాకిప్పుడు ఒక పొడుగాటి మధ్యాహ్నం నిద్రలా గుర్తుంది. కాలవ కట్టేశారు. అడుగున మిగిలిన పచ్చటి నీళ్ళలో గేదెలు కళ్ళు మూసుకుని పడుకునేవి. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరకు లారీలు వెళ్ళడం ఆగిపోయి మా రోడ్డు మీద ఎండ తప్ప ఏమీ కదిలేది కాదు. ఏ ఇంటి ముందు నుంచి నడిచినా ఒకటే టీవీ గొంతు. ఒక వాకిట్లో వదిలిన మాటను పక్క వాకిట్లో అందుకోవచ్చు. ఎక్కడో రెండు రోజుల రైలు దూరంలో యుద్ధం జరుగుతోంది. మా డాబాల మీద మాగాయ ముక్కలు ఎండుతున్నాయి. ఈ రెండూ ఒకే దేశంలో జరుగుతున్నాయంటే నమ్మబుద్ధయ్యేది కాదు.

నేను ముప్పై రెండేళ్ళు సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. గొంతు మాత్రం రిటైరవలేదు. అందుకని మా చర్చిలో ప్రార్థన చీటీలు చదివే పని నాకు అప్పజెప్పారు. గుమ్మం పక్కన ఒక చెక్కపెట్టె ఉంటుంది. ఎవరికి ఏ బాధ ఉన్నా కాగితం మీద రాసి అందులో వేస్తారు. బస్సు టికెట్టు వెనక, చింపిన క్యాలెండరు ముక్క మీద, మందుల చీటీ అంచున, ఎక్కడ చోటుంటే అక్కడ రాస్తారు. పేరు రాయకూడదు, అది మా ఆచారం. పాస్టరు అయ్యగారి ప్రసంగం అయ్యాక నేను పెట్టె తెరిచి ఒక్కొక్కటీ పైకి చదువుతాను. ప్రతి చీటీకీ సంఘమంతా ఆమేన్ అంటుంది. పేరు లేదన్నమాటే గానీ మా ఊళ్ళో ఏ చీటీ ఎవరిదో తెలియనివాళ్ళు పసిపిల్లలు మాత్రమే.

నాకొక జబ్బుంది. చీటీలు దిద్ది చదువుతాను. "మా ఆయన తాగి సస్తన్నాడు ప్రభువా" అని ఉంటే "నా భర్తను మద్యపానము నుండి విడిపించుము" అని చదువుతాను. ఒక్క క్షణం కూడా ఆగకుండా, కళ్ళు కాగితం మీద ఉండగానే నోట్లో మాట మారిపోతుంది. ఎన్ని వేల ఆన్సరు పేపర్లు దిద్దిన కళ్ళు ఇవి! ఎవరూ వద్దనలేదు సరిగదా, టీచరుగారు చదివితే మన చీటీ కూడా వాక్యంలాగే ఉంటదని మెచ్చుకునేవారు. నేను పొంగిపోయేదాన్ని. పొగిడితే పొంగనివాళ్ళెవరు?

యుద్ధం మొదలైన రోజుల్లో నేనూ అందరిలాంటిదాన్నే. టీవీ వాడు ఫలానా ఊరు మనవాళ్ళ చేతికొచ్చేసిందంటే చప్పట్లు కొట్టాను. మర్నాడు ఆ ఊరి సంగతి ఎవరూ ఎత్తకపోతే నేనూ ఎత్తలేదు. సాయంత్రం అరుగుల మీద కూర్చుని మ్యాపు గురించి తెగ మాట్లాడాను. సోషల్ టీచర్ని కదా, మ్యాపు నా సొత్తు. అప్పుడు నాకేమీ సిగ్గనిపించలేదు.

ఆ ఆదివారం పెట్టెలో నాలుగు మడతలు పెట్టిన రూళ్ళ కాగితం వచ్చింది. విప్పాను. దానిలో ఉన్నది ఇది: "దేవా నా కొడుకు బోర్డర్లో ఉన్నాడు. ఆరు రోజులైంది ఫోను లేదు. బెజవాడ ఆఫీసుకి మూడు సార్లు పోయాను. యుద్ధంలో ఇట్టాంటియి అడక్కూడదు పో అన్నారు. నా బిడ్డ ఉన్నాడో లేదో చెప్పకుండా నన్ను గమ్మునుండమనే హక్కు ఆళ్ళకి ఎవరిచ్చారు. గవర్నమెంటోళ్ళు జవాబు చెప్పేలా చెయ్యి."

తలెత్తాను. ముందు వరసలో సంఘపెద్ద కూర్చున్నారు, చొక్కాకి చిన్న జెండా గుచ్చుకుని. పక్కన ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకి పట్టుకుని ఆరాధన వీడియో తీస్తున్నారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నా నోట్లో మాట దానంతటదే మారిపోయింది.

"సరిహద్దులో దేశసేవ చేయుచున్న ఒక కుమారుని క్షేమము కొరకు, అతని తల్లి మనశ్శాంతి కొరకు ప్రార్థించుదము."

ఆమేన్ చాలా గట్టిగా వచ్చింది. ఆ వారంలో అంత గట్టి ఆమేన్ ఇంకే చీటీకీ రాలేదు.

చీటీ ఎవరిదో నాకు విప్పకముందే తెలుసు. మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే ఆవిడది. ఆమె చేతి పప్పు నేను పదకొండేళ్ళు తిన్నాను. కొడుకు నా దగ్గరే పదో తరగతి చదివాడు. ఆరాధన అయ్యేసరికి ఆమె చర్చి వెనక కుళాయి దగ్గర నాకోసం నిలబడి ఉంది.

"వందనాలండీ టీచరుగారూ."

"వందనాలమ్మా. బాబుకేం కాదు, దిగులు పడకు."

"నా చీటీ చదవలేదేంటండీ?"

"చదివాను కదమ్మా. అందరూ ఆమేన్ కూడా అన్నారు."

"అది మీ చీటీ అండీ, నాది కాదు." గొంతు పెంచలేదు. కుళాయి కింద చేతులు కడుక్కుంటూ, కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. "నా కొడుకు ఎక్కడున్నాడో దేవుడికి తెలీదా అండీ? ఆయనకి చీటీ ఎందుకు? మనుషులు వింటారని రాశానండీ."

నాకు కోపం వచ్చింది. తప్పు చేసినప్పుడు నాకు ముందు వచ్చేది కోపమే. ఏమైనా అంటానేమోనని గొడుగు తెరిచి నడిచేశాను.

ఆ మధ్యాహ్నం ఫ్యాన్ కింద చాప వేసుకుని పడుకుంటే కల వచ్చింది. ఎండిన కాలవలో బెంచీలు వేసి ఉన్నాయి. పిల్లలందరూ పరీక్ష రాస్తున్నారు. భావప్రకటనా స్వేచ్ఛ అనగానేమి, రెండు మార్కులు. అది నేను ఏటా ఇచ్చే ప్రశ్నే. పేపర్లు తీసుకుని చూస్తే అన్నీ తెల్లగా ఉన్నాయి. ఎందుకు రాయలేదర్రా అని అరిచాను. రాశాం టీచర్, మీరే చెరిపేశారు అన్నారు. చూస్తే నా చేతిలో రబ్బరు ఉంది. దాని పొడి నా చీర కుచ్చిళ్ళ నిండా ఉంది. దులుపుకుంటున్నాను, ఎంతకీ పోవడం లేదు. పై నుంచి ఎవరో లాకులు ఎత్తుతున్న చప్పుడు, నీళ్ళు వచ్చేస్తున్నాయి, పిల్లలు లేవడం లేదు.

లేచేసరికి చెంపలు తడిగా ఉన్నాయి. ముప్పై రెండేళ్ళు ఆర్టికల్ పంతొమ్మిది బట్టీ పెట్టించిన మనిషిని, ఒక్క చీటీ దగ్గర రెండు మార్కులూ పోగొట్టుకున్నాను.

సోమవారం ఆమె ఇంటికి వెళ్ళి, నేనూ బెజవాడ వస్తానన్నాను. రమ్మనలేదు, వద్దనలేదు. బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చింది. దారి పొడుగునా చెరకు పిలకలు, మధ్య మధ్య అరటితోటలు, ఎండ ఊగుతోంది. బెంజ్ సర్కిల్లో సిగ్నల్ దగ్గర పెద్ద తెర మీద మంటలు లేచాయి. మరుక్షణం అదే తెర మీద పట్టుచీరల డిస్కౌంటు వచ్చింది. ఆమె రెంటినీ ఒకే చూపు చూసింది.

సైనిక సంక్షేమ ఆఫీసులో కూర్చున్న ఆయన మర్యాదస్తుడే. కుర్చీలు వేయించాడు, మంచినీళ్ళు ఇప్పించాడు. ఏం లాభం, అవి తాగడానికి తప్ప పనికిరావు.

"అమ్మా, యుద్ధం టైమండీ ఇది. పైనుంచి సమాచారం వచ్చేదాకా మేం ఏం చెప్పలేం. మీరు ఊరికే తిరక్కండి."

"అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కదండీ. నేను అమ్మనే, నేనే అడుగుతున్నా. పైనున్నాళ్ళని మీరు అడిగారా అండీ?" అందామె.

ఆయన నా వైపు తిరిగాడు. "మేడం, మీరు చదువుకున్నవారు. మీరైనా చెప్పండి ఆవిడకి."

ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. కుళాయి దగ్గర ఆమె మీద వచ్చిన కోపం అసలు ఎవరి మీద రావాలో అప్పుడు అర్థమైంది. నిన్న నేను చేసిన పనే ఈయన నన్ను మళ్ళీ చేయమంటున్నాడు.

"ఆవిడ నాకంటే బాగానే చెబుతోందండీ. మీరే చెప్పట్లేదు. సమాచారం లేదన్న మాటే కాగితం మీద రాసివ్వండి, వెళ్ళిపోతాం."

రాసివ్వలేదు. మేము రాసిచ్చిన అర్జీ మాత్రం తీసుకుని, గట్టిగా అడిగితే, ముద్ర వేసిన నకలు ఇచ్చాడు. ఆమె దాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది. తిరుగు బస్సులో నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఉయ్యూరు దాకా నేను కదల్లేదు.

శనివారం సాయంత్రం సంఘపెద్ద మా ఇంటికి వచ్చారు. మంచి మనిషి. ఆయన తమ్ముడు సైన్యంలో పనిచేసి వచ్చినవాడు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి అసలు సంగతికి వచ్చారు.

"మీరు ఆఫీసుకెళ్ళి గొడవ పడ్డారంట. రేపు ఆ చీటీ మళ్ళీ వస్తదండీ, నాకు తెలుసు. చదవద్దు. మనం తక్కువమందిమి, ఇట్టాంటప్పుడు జాగ్రత్తగా ఉండాలి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దండీ. శత్రువు వింటుంటాడు."

ఆయన భయం నాకు తెలుసు. కిందటి ఆదివారం నాలో ఉన్నదీ అదే.

"శత్రువుకి పనికొచ్చేది ఆవిడేం అడగట్లేదండీ. కొడుకు ఎక్కడ పోరాడుతున్నాడని అడగలేదు. బతికున్నాడా అని అడుగుతోంది."

"చదివితే పెట్టె ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తదండీ."

"ఇద్దురు గాని," అన్నాను. ఆయన వెళ్ళాక తలుపు వేసుకున్నాను. చెబితే నవ్వుతారు, ఆ పెట్టె పోతుందంటే నాకు ఏడుపొచ్చింది. వారానికొకసారి సంఘమంతా నా మాట వినే పది నిమిషాలు అవి.

మర్నాడు అదే రూళ్ళ కాగితం వచ్చింది. ఆరు అన్నచోట కొట్టేసి పదమూడు అని రాసింది, అంతే. కాగితం రెండు చేతులతో పట్టుకుని చదివాను. "ఇట్టాంటియి" దగ్గర నాలుక తడబడింది, అలవాటు లేక. "ఆళ్ళకి ఎవరిచ్చారు" అని చదివేటప్పుడు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఫోన్లు పైకి లేచే ఉన్నాయి. చివరిదాకా చదివాను.

ఆమేన్ రాలేదు. ముందు వరసలో ముగ్గురు లేచి బయటికి వెళ్ళారు. వాళ్ళ చెప్పుల చప్పుడు గేటు దాకా వినిపించింది. ఫ్యాను రెక్క గాలికి బల్ల మీది మిగతా చీటీలు ఒక్కొక్కటే నేల మీదికి ఎగిరి పడుతుంటే, వాటిని చూస్తూ నిలబడ్డాను. నీటి అడుగున ఉన్నట్టుంది. అయ్యగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. చాలాసేపటికి, తెరవకుండానే, ఆమేన్ అన్నారు. స్త్రీల వైపు నుంచి ఒకటి, ఇంకొకటి వచ్చాయి. అందరూ అనలేదు.

బుధవారం ఫోను వచ్చింది. ఆఫీసు నుంచి కాదు, కొడుకే చేశాడు, పక్క మంచం వాళ్ళ ఫోను అడిగి. కాలికి దెబ్బ తగిలి మొదటి రోజు నుంచీ ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఎందుకు చెప్పలేదురా అని ఈమె ఏడిస్తే, "నీకు కబురు చేశామన్నారమ్మా. నువ్వే ఫోను చెయ్యట్లేదేమో అనుకున్నా," అన్నాడట. పదహారు రోజులు తల్లి కొడుకు కోసం, కొడుకు తల్లి కోసం ఎదురుచూశారు. ఆ మాట ఆమె నాకు చెబుతుంటే ఇద్దరం వాళ్ళ గుమ్మంలో కూర్చుని ఏడ్చాం.

ఆ వారంలోనే కాల్పులు ఆగిపోయాయి. టీవీలు వేరే అరుపులు అందుకున్నాయి. ముద్ర వేసిన నకలు పట్టుకుని మేము మళ్ళీ బెజవాడ వెళ్ళాం, కబురు చేశామని కొడుకుతో అన్నదెవరో చెప్పమని. "బాబు క్షేమంగా ఉన్నాడు కదమ్మా, యుద్ధం కూడా అయిపోయింది, ఇంకెందుకండీ ఇవన్నీ," అన్నాడు ఆ మర్యాదస్తుడు. అప్పుడేమో జరుగుతోంది కాబట్టి అడక్కూడదు, ఇప్పుడు అయిపోయింది కాబట్టి అడక్కూడదు. మరి అడగాల్సిన రోజు ఏ క్యాలెండర్లో ఉందో!

మా చర్చిలో ఒక పద్ధతుంది. మొర ఆలకించబడితే ఆ వచ్చే ఆదివారం కృతజ్ఞత చీటీ వేయాలి. అందరూ దానికోసమే చూస్తున్నారు, సంఘపెద్ద కూడా. పెట్టె నా దగ్గర్నుంచి తీసేయలేదు. దాని గురించి ఆయన అడగలేదు, నేనూ అడగలేదు. ఆ రూళ్ళ కాగితం విప్పి, ఒక్క అక్షరం దిద్దకుండా చదివాను.

"దేవా నీకు వందనాలు. నా కొడుకు బతికున్నాడు. పదహారు రోజులు నాకెందుకు చెప్పలేదో ఆళ్ళింకా చెప్పలా. అందుకని నా ప్రార్థన ఇంకా అయిపోలా."

కాలవకి నీళ్ళు వదిలారు, నాట్లు పడ్డాయి, కొడుకు కర్ర పట్టుకుని ఊళ్ళో తిరుగుతున్నాడు. ఆ చీటీ ఇప్పటికీ ప్రతి ఆదివారం పెట్టెలో ఉంటోంది. నేను ప్రతి ఆదివారం చదువుతున్నాను.