తమ్ముని పిడికిలి

ఇప్పుడు అందరి చేతుల్లో ఫోను చెప్పే మాటలే, నా చిన్నప్పుడు జీపు మీద కట్టిన మైకు చెప్పేది. పొద్దున లేస్తే మా మనవరాలు ఫోను చూసి చదువుతుంది, ఫలానా పథకమట, వచ్చే నెల నుంచి ఇంటింటికీ ఇస్తారట అని. నేను ఊఁ అంటాను. నా చెయ్యి మాత్రం బియ్యం గురిగి మీదే ఉంటుంది.

మాది ములుగు దారిలో, వాగుకు అవతల ఊరు. మా నాయిన అప్పటికే లేడు. అమ్మ నాట్లకు పోయేది. ఇంట్లో మా నాయనమ్మ, నేను, తమ్ముడు. నాకు తొమ్మిదేళ్ళు ఉంటాయేమో, వాడికి నాలుగు. రోజూ మక్కజొన్న రవ్వ ఉడికించిన గట్కే. వరి అన్నం వారంలో ఒక్క పూటో రెండు పూటలో. ఆ పూట ఎసట్లో బియ్యం పోసే ముందు నాయనమ్మ ఒక్క పిడికెడు తీసి గురిగిలో వేయించేది. గురిగి అంటే చిన్న మట్టికుండ, మూలకు ఉట్టి మీద ఉండేది. ఆ పిడికెడు ఎవరు పడితే వాళ్ళు తీయకూడదు. ఇంట్లో అందరికంటే చిన్న చెయ్యే తీయాలి. చిన్న చెయ్యి తీస్తే తినేవాళ్ళకు తక్కువ తెలియదని మా నాయనమ్మ లెక్క. అట్లా ఆ గురిగిలో ఉన్నవన్నీ మా తమ్ముని పిడికిళ్ళే. ఎవరికన్నా జ్వరం వస్తే గట్క అరగదు కదా, ఆ బియ్యంతో జావ కాచేవాళ్ళు. దానికి తప్ప దాన్ని ముట్టుకునేది లేదు.

ఆ ఏడు ముసురు రోజుల్లోనే ఎలక్షన్లు పడ్డాయి. అమ్మ పొలానికి, నాయనమ్మ ఆకుకూరకు పోయిన పూట జీపు వచ్చింది. నేను మైకును అంత దగ్గర నుంచి చూడడం అదే మొదలు. ఓటు వెయ్యండి, ఇంటికో బియ్యం మూట అన్నది. మనిషి చెబితే అబద్ధం కావచ్చు, అంత పెద్ద మిషన్ చెబితే ఎట్లా అబద్ధమవుతుంది అనుకున్నాను. పొద్దుగూకే వరకు మూట మా వాకిట్లో దిగుతుందని నాకు గట్టి నమ్మకం. మూట వస్తుంటే ఈ గురిగి ఎందుకని, పీట వేసుకుని దించి, ఉన్నవన్నీ వండేశాను. తమ్ముడూ నేనూ ఉప్పు, కారం కలుపుకుని తిన్నాము. వాడు మెతుకులు బుగ్గకు అంటుకున్నా తుడుచుకోకుండా నవ్వుకుంటూ తిన్నాడు.

నాయనమ్మ వచ్చి అన్నం వండిన కుండ చూసింది, నా మొఖం చూసింది. కొడుతుందనుకున్నాను. కుండ తనే తోమి బోర్లించి, ఉత్త గురిగిని మళ్ళీ ఉట్టి మీద పెట్టింది. అమ్మకు ఏమీ చెప్పలేదు.

మూట ఆ రోజు రాలేదు. ఓట్లయినాక కూడా రాలేదు. వాన మాత్రం వచ్చింది, విడవకుండా. వాగు పొంగి బస్సు బందయింది, నాట్లు ఆగి ఇంట్లో గట్కకు మక్కలు కూడా అడుగంటాయి. ఆ వానలోనే తమ్మునికి జ్వరం పట్టుకుంది. ములుగు దవాఖానకు పోవాలంటే వాగు దాటాలి. అమ్మ వాణ్ణి భుజాన వేసుకుని వాగు ఒడ్డు దాకా పోయి, రెండుసార్లు తిరిగి వచ్చింది.

ఆ పూట అమ్మ, వానికి జర బియ్యపు జావ కాయమన్నది. నేను తలుపు చాటుకు జరిగాను. నాయనమ్మ నన్ను చూడనైనా చూడకుండా వెనక వసారాలోకి పోయి, మక్కలు మెత్తగా విసిరి, పాత చీర పేలికలో రెండుసార్లు వడగట్టి, తేట తెల్ల నీళ్ళు కాచి తెచ్చింది. చూస్తే బియ్యపు జావ లాగే ఉంది. "గురిగిల బియ్యమే కాచిన, తాపియ్యి బిడ్డా" అన్నది. అమ్మ నమ్మింది. తమ్ముడు రెండు గుక్కలు తాగాడు. మర్నాడు మళ్ళీ జావకని అమ్మ లేచి ఉట్టి కాడికి పోయేలోపే నాయనమ్మ తనే గురిగిని దించినట్టు చేసి, చెయ్యి జారవిడిచింది. పెంకులయింది.

"కండ్లు కనవడ్తలేవా ముసల్దానా, నాలుగు గింజలుంటె గవి గూడ మట్టిపాలు జేస్తివి" అని అమ్మ తిట్టింది. పెంకుల మధ్య ఒక్క గింజ కూడా లేదని ఏడుపులో చూసుకోలేదు. నాయనమ్మ తిట్లన్నీ పడి, పెంకులు ఏరి బయట పారేసింది.

మూడో పొద్దుకు తమ్ముడు పోయాడు. వాగు ఆ మరుసటి రోజు తగ్గింది.

దినాలయినాక నాయనమ్మ నన్ను ఇంటి వెనక్కి పిలిచింది. నాకు అన్నం దిగడం లేదని ఆమె ఒక్కతే కనిపెట్టింది. "అన్నం తిన్నది నువ్వే, కాదన. నిన్ను తినమన్నది ఆ మైకు. పోరన్ని తీస్కపోయింది జరం, వాగు. గివన్ని కలిపి ఒక్క ముద్ద జేసి మింగకు, గొంతుల పడ్తది. వాడు ఆ పూట కడుపు నిండ తిన్నడు గద, గది గూడ యాదిల పెట్టుకో" అన్నది. కొత్త గురిగి తెచ్చి పెట్టింది. ఇంట్లో చిన్న చెయ్యి ఇక నాదే.

అదే జీపు అయిదేళ్ళకు మళ్ళీ వచ్చింది. మా నాయనమ్మ వంగిపోయిన నడుముతో ఎదురు పోయి అడిగింది. "మూట తెచ్చిన్రా బిడ్డా?"

"ఏ మూట అవ్వా?"

"గదే, మా ఇంట్ల గురిగి ఖాళీ జేసింది." వాళ్ళకు అర్థం కాలేదు. నవ్వి, చేతిలో కాయితం పెట్టి పోయారు.

మా ఆయన పోయాక నేను వరంగల్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఇప్పుడు రేషన్‌లో బియ్యం ఇస్తున్నారు, అబద్ధం ఎందుకు చెప్పాలి, మంచివే ఇస్తున్నారు. కానీ కార్డులో నా పేరొక్కటే, మిషన్ మీద నా వేలే పెట్టాలి. అంట్లు తోమి, కలుపు తీసి నా వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. పోయిన నెల డీలరు పది వేళ్ళూ పెట్టించి, "మిషన్ నిన్ను గుర్తువడ్తలేదు అవ్వా, జర తుడ్సుకో" అన్నాడు. "దాన్ని నేను గూడ ఎప్పుడు జూడలె బిడ్డా" అన్నాను. వెనక ఉన్నవాళ్ళు నవ్వారు. నేను ఉత్త సంచితో తిరిగి వచ్చాను. ఓటు నాడు ఇదే వేలికి సిరా పెడతారు. ఆ రోజు ఎవరికీ అనుమానం రాదు, నేను నేనే.

ఆ నెల ఆఖరి రోజులు గురిగిలో బియ్యంతోనే గడిచాయి. అంతకు ముందు మనవరాలు ఎగతాళి చేసేది, "ఇంక ఎవరి కోసం దాస్తున్నవే నానమ్మా" అని. ఇప్పుడు అనడం లేదు. ఇదంతా నేను చెబుతుంటే ఫోనులో ఎక్కిస్తున్నది ఆమే.

మా అమ్మకు మాత్రం ఈ సంగతి చెప్పలేదు. చివరి రోజుల్లో మంచం మీద పడి కూడా అత్త చేతిలో గురిగి పగిలిన ముచ్చటే తీసేది. పక్కన కూర్చుని వింటూ, కాళ్ళు ఒత్తుతూ ఊరుకున్నాను. నాయనమ్మ నా కోసం తన మీద వేసుకున్న తిట్టును నేను దించలేకపోయాను.

ఇప్పటికీ ఎసట్లో బియ్యం పోసే ముందు బియ్యం గిన్నెలో చెయ్యి పెడతాను. ఇంత పెద్ద చెయ్యి అయింది, ముడతలు పడ్డది, ఏ మిషనూ గుర్తుపట్టని చెయ్యి. అయినా వేళ్ళు సగమే ముడుచుకుని, నాలుగేళ్ళ పిల్లవాడి పిడికిలిలో పట్టినన్నే తీస్తాను. ఎక్కువ తీయబోతే చెయ్యి రాదు.