రాడ్డు డిక్కీలో ఉంది

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. కరెంటు పోతే ఫ్యూజు చూస్తాను గానీ హనుమాన్ చాలీసా అందుకునే రకం కాదు. కాబట్టి ఇది చదివి ఎవరికైనా నిద్ర పట్టకపోతే ఆ పాపం నాకు అంటదు.

కారు మా అన్నయ్యది. బాగా పాతబడిన తెల్ల చిన్న కారు. చిన్నప్పుడు పోలియో వచ్చి అన్నయ్య కుడి కాలు చచ్చుబడింది. అందుకని బాలానగర్‌లో ఒక వర్క్‌షాపుకు వెళ్లి, స్టీరింగ్ పక్కన చేతి లివర్ ఒకటి పెట్టించుకున్నాడు. దాన్ని ఇనుప రాడ్డుతో బ్రేకుకూ, తీగతో యాక్సిలరేటర్‌కూ కలిపారు. పైకి లాగితే స్పీడు, కిందికి నొక్కితే బ్రేకు. క్లచ్ ఎడమ కాలితో. అన్నయ్య ఆ కారులో ఊరంతా తిరిగాడు.

తర్వాత కామెర్లతో పోయాడు. మాదాపూర్‌లో మేం కిరాయికి ఉంటున్న ఇంటి ముందు కారు నిలిచిపోయింది.

అప్పుడే హైటెక్ సిటీ లేస్తోంది. రాళ్ల గుట్టలు పేలుతున్నాయి, భూముల ధరలూ పేలుతున్నాయి. ఇంటి ఓనరుకు తను బంగారం మీద కూర్చున్నానని తెలిసిపోయి, నెలాఖరుకు ఖాళీ చేయమన్నాడు. బాచుపల్లిలో మేం చూసుకున్న ఇంటికి కారు పెట్టే జాగా లేదు. ఈలోగా అమ్ముడుపోవాలి, లేదంటే తుక్కు కిందికి పోవాలి.

వదిన ఒక్కటే అడిగింది. "ఎవరన్న నడిపేటోళ్లకు ఇయ్యి. తుక్కోనికి మాత్రం ఇయ్యకు. మీ అన్న కారును ముక్కలు చేస్తుంటే నేను సూడలేను."

మాటిచ్చేశాను. వెనక అద్దానికి 'అమ్మబడును' అని అట్టముక్క అంటించాను.

మొదట వచ్చినాయన చౌరస్తా దాకా నడిపి, కాలితో బ్రేకు నొక్కాడు. చేతి పక్కనున్న లివర్ దానంతటదే కిందికి దిగింది. ఆయన కారు అక్కడే వదిలేసి ఆటోలో వెళ్లిపోయాడు. సాయంత్రానికి బస్తీ అంతా ఒకటే వార్త: "ఆ కార్ల సచ్చిపోయినాయన చెయ్యి ఉన్నదంట."

రెండూ రాడ్డుతో కలిపి ఉన్నాయి, కాలితో నొక్కితే లివర్ దిగుతుంది అని గొంతు చించుకున్నాను. సైకిల్‌కు ఒక పెడల్ తొక్కితే రెండోది పైకి లేవదా, దాన్ని దయ్యమంటారా అని అడిగాను. ఎవరూ వినలేదు. మా పెద్దమ్మ వచ్చి కారుకు నిమ్మకాయలు, మిరపకాయలు కట్టింది. ఆమె వచ్చినప్పుడల్లా దండ మారేది. కొన్నాళ్లకు కారు ఊరగాయకు సిద్ధమైనట్టు కనిపించింది.

మొండికేసి బాలానగర్ తీసుకెళ్లాను. రాడ్డు, తీగ రెండూ ఊడదీయించి డిక్కీలో వేయించాను. లివర్ వెల్డింగ్‌తో పట్టేసి ఉంది, కోయాలంటే ఇంకో పూట పడుతుందన్నారు. కొనేవాళ్ల ఇష్టానికి వదిలేశాను. లివర్‌ను ఆడించి చూశాను, పైకీ కిందికీ ఉత్తగా ఊగింది. బ్రేకుకు దానితో చుట్టరికం తెగిపోయింది.

తర్వాతి ఆదివారం ప్రసాద్ గారు వచ్చారు. గోదావరి మనిషి, కొత్తగా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "లైసెన్సు ఉందండీ. డ్రైవింగ్ మాత్రం కాస్త నేర్చుకోవాలండీ" అన్నారు. అంత నిజాయితీపరుడిని నేను మళ్లీ చూడలేదు. నేనూ లివర్ సంగతి, రాడ్డు ఊడదీయించిన సంగతి దాచకుండా చెప్పాను.

పట్టపగలు. గుట్టల మధ్య నుంచి కొత్త బిల్డింగుల వైపు దిగే రోడ్డు. కారు వాలులో ఊపందుకుంది. పక్క సందులోంచి రాళ్ల టిప్పర్ ఒకటి రివర్సులో రోడ్డు మీదికి వచ్చేసింది.

"బ్రేక్! బ్రేక్!" అని అరిచాను.

ప్రసాద్ గారు "అమ్మా!" అని రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కున్నారు. నిజంగా పద్మాసనమే. నా చేతులు రెండూ డ్యాష్‌బోర్డు మీద ఉన్నాయి. హ్యాండ్ బ్రేక్ దించే ఉంది, తర్వాత కూడా చూశాను.

లివర్ కిందికి దిగింది. ఊగుతూ కాదు, ఎవరో బలంగా అదిమినట్టు, చివరిదాకా. టైర్లు కీచుమన్నాయి. నా నుదురు వెళ్లి అద్దానికి కొట్టుకుంది. కారు టిప్పర్‌ను ముద్దు పెట్టుకునే దూరంలో ఆగి, ఇంజిన్ ఆరిపోయింది.

టిప్పర్ డ్రైవర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "ఏంది బై, కండ్లు దవాఖానల ఇడిసిపెట్టొచ్చిన్రా?"

ప్రసాద్ గారు కాళ్లు ఒక్కొక్కటిగా కిందికి దించారు.

"రాడ్డు మళ్లీ బిగించారాండీ?" ప్రసాద్ గారు నెమ్మదిగా అడిగారు.

"డిక్కీలో ఉందండీ."

దిగి తెరిచాం. జాకీ కింద, గ్రీసు అంటిన పాత పేపర్లో చుట్టి అలాగే ఉంది. రోడ్డు మీద టైర్ల నల్ల చారలు సాక్ష్యంగా ఉన్నాయి.

ఇక బేరం పోయింది, తుక్కు బండిని పిలవాల్సిందే అనుకున్నాను. వదినకు ఏం చెప్పాలో తోచలేదు. "మీకొద్దంటే ఏమీ అనుకోనండీ" అన్నాను.

ఆయన ముఖం తుడుచుకున్నారు. "కొంటానండీ. ఆ లివర్ మాత్రం కోయించకండి. నాకు డ్రైవింగ్ వచ్చేదాకా అయినా ఉండనివ్వండి."

ఇంటికెళ్లి వదినతో కారు అమ్ముడుపోయిందని మాత్రమే చెప్పాను. ఆమె చూపు నా నుదుటి మీద ఆగింది.

"గా బొప్పి ఏంది?"

"బ్రేక్ పడ్డది వదినా."

"ఎవరు కొట్టిన్రు?"

జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

"మీ అన్న బ్రేక్ కొడితే నాకు నెత్తి పగలని రోజు లేకుండె. ఎన్నిసార్లు తిట్టిననో" అంది. అని నవ్వింది. అన్నయ్య పోయాక ఆమె నవ్వడం అదే మొదటిసారి.

తర్వాత కనిపించిన మెకానిక్‌నల్లా అడిగాను. బ్రేకు దానంతటదే పట్టేసి ఉంటుందన్నారు. సరే, ఒప్పుకున్నాను. మరి లివర్ ఎందుకు దిగింది అంటే, ఛాయ్ తాగుదామన్నారు. చాలా ఛాయ్‌లు తాగాను.

మా పెద్దమ్మ మాత్రం అది తన నిమ్మకాయల మహిమేనంటుంది. అంతకు దిగజారేది లేదని ఆమెకు చెప్పేశాను. దయ్యం, ఆత్మ అని ఎవరు తీర్మానించినా ఇప్పటికీ పోట్లాటకు దిగుతాను. కానీ ఆ పగటి ఎండలో లివర్ దిగడం ఈ కళ్లతో చూశాను. ఎవరు నొక్కారో నాకు తెలియదు.

కారు మాత్రం తుక్కుకు పోలేదు.