చివరి బోల్టు

తిరుపతి శివార్లలో మా కర్మాగారంలో ఒక యంత్రం ఉంది. ఉక్కు తీగను కరిగించి, మందమైన పలక మీద పొర మీద పొర పోసి వస్తువును కడుతుంది. తర్వాత తనే దాన్ని చెక్కి నునుపు చేస్తుంది. ఎలా పోయాలో, ఎక్కడ చెక్కాలో కంప్యూటర్‌లో రాసిచ్చే పని నాది. యంత్రం దగ్గర నిలబడేది యాభై దాటిన ఫిట్టరు. గూడూరు మనిషి, తిరుచానూరులో కాపురం. నేను అన్నా అనేదాన్ని, ఆయన అమ్మా అనేవాడు.

పోసిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది. పలకను బోల్టులతో ఇనుప దిమ్మకు బిగిస్తాం కాబట్టి పైకి ఏమీ తెలియదు. ఆ లాగుడంతా లోపలే ఉండిపోతుంది. అందుకే విప్పేముందు దిమ్మతో సహా ఫర్నేస్‌లో పెట్టి కాల్చి, మెల్లగా చల్లారనివ్వాలి; అప్పుడే ఆ లాగుడు వదులుతుంది.

ఒకరోజు మధ్యాహ్నం సరుకు కోసం చెన్నై లారీ వచ్చి నిలబడింది. ఫర్నేస్‌లో పెడితే ఇంకో రోజు పడుతుంది. "ఈ ఒక్కదానికి వద్దులేమ్మా," అన్నాడు మేనేజరు. ఫర్నేస్ అవసరం లేదని రాసి సంతకం పెట్టాను.

"అమ్మా, ఇది లోపల గుంజుతాండాది. కాల్సకుండా విప్పేదా?" అన్నాడు ఫిట్టరు.

"ఏం కాదన్నా, విప్పండి."

చివరి బోల్టు వదులు కాగానే పలక ఒక్కసారిగా వంగి పైకి లేచింది. దాన్ని పట్టి ఉంచిన ఇనుప ముక్క ఎగిరి ఆయన కుడిచేతి మీద పడింది. ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు.

విచారణ కాగితంలో ఫిట్టరు అజాగ్రత్త అని రాశారు. ఉద్యోగం పోతుందన్న భయంతో దాని కిందా సంతకం చేశాను.

నెల తర్వాత ఫిట్టరు ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య వసారాలో పూలు కడుతోంది. ఆయన నన్ను కూర్చోమనలేదు.

"ఆ కాగితం సదివినా. నీ సంతకం సూసినా."

"తప్పు నాదే అన్నా."

"నాకు సెప్పి ఏం లాభం? ఆడ సెప్పు."

మర్నాడే కర్మాగారంలో జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. నన్ను స్టోర్ రూముకు మార్చారు. విచారణ కాగితం మాత్రం మారలేదు, ఆయన్ని తిరిగి పనిలోకి పిలవనూ లేదు.

రాసిచ్చిన సంగతి నా నోటితోనే చెబుదామని మళ్ళీ వెళ్ళాను. ఆయన భార్య తలుపు సగమే తీసింది.

"ఇంట్లో లేడు. పనికి పోయినాడు."

ఎక్కడికని అడిగాను. ఆమె తలుపు వేసేసింది.