తాలు ఏరేసిన మచ్చు

నా తెలివితక్కువతనం గురించి మా ఊళ్ళో ఎవరిని అడిగినా తలా ఒక కథ చెబుతారు. నన్ను అడిగితే ఇదే చెబుతాను. మిగతా వాటిలో నష్టం నా ఒక్కడితో పోయింది. ఈ ఘనకార్యానికి మా బావ శేషయ్య కూడా కావలసి వచ్చాడు. నవ్వొచ్చినచోట మొహమాటపడకుండా నవ్వండి. బావ ఉంటే అందరికంటే ముందు ఆయనే నవ్వేవాడు.

మాది పెదకాకాని అవతల మిరప పండించే ఊరు. బావ మా అక్కను చేసుకున్న నాటి నుంచీ ఇద్దరివీ గట్టు కలిసిన చేలు, ఒకటే కళ్ళం. కాయ ఎండగానే మేం కూర్చుని తాలు ఏరతాం. తెల్లబడ్డవి, మచ్చ పడ్డవి పక్కకి లాగేసి, కొత్త పట్టుచీరలా మెరిసే ఎర్రకాయను మాత్రం గుంటూరు యార్డుకి మచ్చుగా తీసుకెళతాం. మచ్చంటే కొనేవాడికి చూపించే పిడికెడు సరుకు. ఆ పిడికెట్లో ఒక్క తాలుకాయ కనపడిందా, చేను మొత్తం తాలే అన్నట్టు మొహం పెడతాడు. ఈ ఏరుడులో నాకు చుట్టుపక్కల పెద్ద పేరు. ఆ పేరే కొంప ముంచింది.

ఒక ఎండాకాలం ఏదో ఆసుపత్రివాళ్ళు ఊళ్ళో క్యాన్సర్ శిబిరం పెట్టి, నడివయసు దాటినవాళ్ళందరికీ తలా ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం ఇచ్చారు. మూతకి సన్నటి పుల్ల ఉంది. పొద్దున్నే దొడ్డికి వెళ్ళినప్పుడు ఆ పుల్లతో అక్కడక్కడా గీకి, మూత బిగించి తెచ్చివ్వాలట. కంటికి ఆననంత నెత్తురున్నా పరీక్షలో దొరికిపోతుందట. పేగులో గడ్డ నొప్పి పెట్టకముందే నెత్తురు కారుస్తుందనీ, అప్పుడే పట్టుకుంటే మనిషి దక్కుతాడనీ నర్సమ్మ మైకులో చెప్పింది. నేను వింటేగా. పుల్లను చూసి నవ్వుకోవడంలో మునిగి ఉన్నాను.

ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని బావ గొట్టాన్ని అటూ ఇటూ తిప్పుతున్నాడు. కొన్నాళ్ళుగా అప్పుడప్పుడూ నెత్తురు పడుతోందని గొంతు తగ్గించి చెప్పాడు. అక్కకి కూడా చెప్పలేదట.

"మొలలు బావా. నువ్వు తినే కారానికి నెత్తురు కాక పన్నీరు పడుతుందా?" అన్నాను.

"మరి ఈ పుల్లకి అది అంటుకుంటే?"

"అంటుకోనిస్తామా? నేను లేనూ?"

ఇక్కడ ఆగి నా నెత్తిన ఒకటి మొట్టాలనుకున్నవాళ్ళు మొట్టవచ్చు. తల వంచే ఉంచాను.

మర్నాటి నుంచి బావని గ్రేడింగులో పెట్టాను. కారం బంద్. పొద్దున సబ్జా నీళ్ళు, మధ్యాహ్నం మజ్జిగన్నం, మధ్యలో బార్లీ. నెత్తురు కనపడిన పూట గొట్టం ముట్టుకోవద్దని ఆంక్ష. నర్సమ్మ అడగడానికి వచ్చినప్పుడల్లా, సరుకింకా తయారు కాలేదని నేనే తిప్పి పంపాను. చివరికి ఒక పొద్దున, ఇవాళ శుభ్రంగా ఉందని బావ దొడ్లోంచి కేకేశాడు. అందులోనూ మరీ శుభ్రమైనచోట చూసి గీకమని తలుపు బయట నిలబడి సలహా చెప్పాను. మరి నా గొట్టం మాటేమిటంటారా? అది గూట్లో దుమ్ము కొట్టుకుపోయింది. వైద్యం చేసేవాడికి రోగిగా ఉండే తీరిక ఎక్కడిది?

ఫలితం వచ్చింది. నెత్తురు లేదట.

"డీలక్సు బావా" అన్నాను. యార్డులో అంతకు మించిన రకం లేదు.

"నీ చేతి చలవరా కోటిగా" అని బావ నా భుజం తట్టి, ఆ పూటే గోంగూర పచ్చడిలో మళ్ళీ చెయ్యి పెట్టాడు.

ఆ తర్వాత కూడా నెత్తురు పడుతూనే ఉంది. పరీక్షలో లేదన్నారుగా అని ఆయన ధైర్యం. నా పరీక్షలో పాసయ్యాడుగా అని నా ధైర్యం. మళ్ళీ కాయ కోతకొచ్చేసరికి బావకి పంచె ఒక చుట్టు అదనంగా తిరుగుతోంది. మొహం తాలుకాయ రంగులోకి వచ్చింది. కళ్ళంలో ఎదురెదురుగా కూర్చుని కూడా నా కంటికి ఆనలేదు. ఏరడంలో నేర్పరిని మరి.

గుంటూరు తీసుకెళ్ళాం. పేగులోకి కెమెరా వేసి చూశారు. గడ్డ. అప్పటికే కాలేయానికి పాకింది. పోయినేడు పరీక్షలో ఎలా తప్పిపోయిందో డాక్టరుగారికి అంతుపట్టలేదు. నేను ముందుకు జరిగి, మంచి మచ్చు ఎలా తయారు చేశామో పూసగుచ్చినట్టు వివరించాను. తాలంటే ఏమిటో కూడా విడమరిచాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"ఆ పరీక్ష వెతికేది తాలునేనండి. మీరు దాన్నే ఏరేసి ఇచ్చారు" అన్నారు.

మంచం మీంచి బావ నవ్వు వినపడింది.

"కొనేవాణ్ణి మోసం చేయబోయి మనమే అమ్ముడుపోయాంరా" అన్నాడు.

ఆపరేషన్ కుదరదన్నారు. మందులు ఎక్కించారు. మందు పనిచేస్తోందో లేదో తెలియడానికి రక్తంలో సీఈఏ అని ఒక అంకె చూసేవారు, అది తగ్గితే మంచిదట. ముందే ఆ రక్తపరీక్ష చేయించి ఉంటే సరిపోయేదా అని అడిగాను. జబ్బు మొదట్లో చాలామందికి అది పెరగదనీ, దాన్ని నమ్ముకుని కూర్చోకూడదనీ, ఇలా మందు వాడేటప్పుడే దాని అక్కరనీ చెప్పారు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ రేటు పెరగాలని మొక్కినవాణ్ణి. రేటు పడిపోవాలని శివాలయంలో మొక్కడం అదే మొదలు. దేవుడు కంగారుపడి ఉంటాడు. కొన్నాళ్ళు పడింది. తర్వాత పెరగడం మొదలుపెట్టింది.

"ఏరా, ఇవాళ రేటెంత?" అని అడిగాడు బావ.

"పెరిగింది బావా."

"అయితే అమ్మేద్దాంలే" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తొలి వానలకి ముందే పోయాడు.

పెద్దకర్మ అయ్యాక, ఆ తెలివి నాదేనని చెప్పుకుందామని అక్క దగ్గరికి వెళ్ళాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతోంది. నోరు తెరవబోయేసరికి తనే అంది.

"ఆ ఏరుడంతా తన తెలివేనని చెప్పి పోయాడు మీ బావ. మీ ఇద్దరిలో అంత తెలివి ఎవరికుందో నాకు తెలీదంట్రా?"

చేట చప్పుడు మళ్ళీ మొదలైంది. అక్క నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. కాసేపటికి, నీ గొట్టం ఏదని అడిగింది. ఇంటికెళ్ళి గూట్లోంచి తీసుకొచ్చి చూపిస్తే దానికి గడువెప్పుడో తీరిపోయింది. మర్నాడు నర్సమ్మని అడిగి కొత్తది తెచ్చి నా చేతిలో పెట్టి, దొడ్డి తలుపు బయట చీపురు పుచ్చుకుని నిలబడింది.

"ఏరావంటే చూడు" అంది.

ఏరలేదు. జీవితంలో మొదటిసారి నా మచ్చు వెనక్కి వచ్చింది. కనపడని నెత్తురుందట. కెమెరా వేస్తే పేగులో పాలిప్ అనే చిన్న పిలక దొరికింది. వదిలేస్తే ముందుముందు క్యాన్సర్‌గా మారే రకమట, ఇంకా మారలేదట. చూసినచోటే కత్తిరించేశారు.

కాబట్టి మంచం మీదే, మత్తు దిగగానే, సమస్త మిరప రైతుల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఈ జన్మలో డాక్టరుకి మంచి మచ్చు చూపించను. ఒంట్లో ఉన్న తాలు ఉన్నట్టుగా, అడిగిన రోజున, అడిగినంతా అప్పగిస్తాను. ఎవరైనా మొలలని తేల్చి పారేస్తే, వాళ్ళని చెయ్యి పట్టుకుని శిబిరానికి లాక్కెళతాను. నాకు పీహెచ్‌డీ ఉన్నది మొలల్లోనే అని చెబుతాను.

తర్వాత ఆ పిలకను ఒకసారి చూపించమన్నాను. చిన్న సీసాలో, నీళ్ళలాంటి మందులో, చింతగింజంత ఉంది. బావ పేగులోది కూడా ఒకప్పుడు ఇంతే ఉండి ఉంటుంది. సీసాను కిటికీ వెలుగులో పెట్టి తేరిపార చూశాను.

"పెద్దదానివయ్యే యోగం నీకు లేదే" అన్నాను దానితో.

మత్తు ఇంకా దిగలేదనుకుని అక్కడి నర్సు నవ్వింది. అక్క నవ్వలేదు. నా చేతిలోంచి సీసా అందుకుని, చాలాసేపు చూసి, మూత ఇంకొంచెం బిగించింది.